తాళాల పెట్టెకు అద్దె కట్టాలా?

రాజమహేంద్రవరం

చి. చిన్నికి,

నీ మెసేజ్ చూశాను. పాస్‌వర్డ్ మేనేజర్ ఒకటి పెట్టుకుందామనుకుంటున్నావనీ, నీ స్నేహితురాలు వాడేదానికి ఏడాదికి మూడు వేల పైచిలుకు అవుతోందనీ, ఉచితంగా దొరికేవాటిని నమ్మొచ్చా, డబ్బు కడితేనే భద్రమా అనీ అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

జవాబు ముందే చెప్పేస్తాను. ఇప్పటికి నువ్వు పైసా కట్టక్కర్లేదు. ఉచితంగా దొరికే మంచిదొకటి ఈ వారమే మొదలుపెట్టు. డబ్బు కట్టాల్సిన రోజు తర్వాత వస్తుంది. ఇంట్లో మిగతావాళ్ల ఖాతాలు, బిల్లులు నీ చేతిమీదుగా నడవడం మొదలైనప్పుడు వస్తుంది. నీ పాస్‌వర్డ్‌లు దొంగలకు దొరక్కుండా ఉండడానికైతే చందాతో దాదాపు పనే లేదు. ఎందుకో చెప్తాను.

అసలు ఇది నీకు ఎందుకు అవసరమో ముందు అది చూద్దాం. నీ పాస్‌వర్డ్‌ల పద్ధతి నాకు తెలుసు, ఎందుకంటే మన ఇళ్లలో అందరిదీ అదే పద్ధతి. పేరు, పక్కన ఎట్ గుర్తు, పుట్టిన సంవత్సరం. కొత్త ఖాతా తెరిచినప్పుడల్లా చివర ఒక అంకె మారుస్తాం. 2017లో జొమాటో నుంచి కోటీ 70 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. 2020లో బిగ్‌బాస్కెట్ నుంచి 2 కోట్లకు పైగా. అలా పోయినప్పుడు మన కూరగాయల ఆర్డరు ఎవరికి కావాలి అనుకుంటాం. వాళ్లకు కావలసింది మన ఈమెయిలు, దాని పక్కనున్న పాస్‌వర్డ్. కంపెనీ దాన్ని రూపం మార్చి దాచినా సరే, అది చిన్నదీ తేలికదీ అయితే యంత్రాలు దాన్ని ఊహించి రాబట్టేస్తాయి. ఆ తర్వాత అదే జతను జీమెయిల్‌లో, షాపింగ్ సైట్లలో, షేర్ల ఖాతాల్లో వరసపెట్టి కొట్టి చూస్తాయి. ఇదంతా ఎవరో కూర్చుని చేసే పని కాదు, ప్రోగ్రాములు రాత్రీ పగలూ చేసే పని. నువ్వు పెద్ద ఉద్యోగివా, చిన్న ఉద్యోగివా అని వాటికి పట్టింపు లేదు.

ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా ఆయన 2013 నుంచి 'హ్యావ్ ఐ బీన్ పోన్డ్' అని ఒక సైటు నడుపుతున్నాడు. అక్కడ నీ ఈమెయిల్ కొట్టి చూడు, ఏయే దొంగతనాల్లో అది బయటపడిందో చూపిస్తుంది. ఆ జాబితా చూశాక ఒక్కో సైటుకు ఒక్కో పాస్‌వర్డ్ ఎందుకు ఉండాలో నేను వేరే చెప్పక్కర్లేదు. అన్ని పాస్‌వర్డ్‌లు మనిషి బుర్రలో పట్టవు కాబట్టి వాటిని దాచే పెట్టె కావాలి. పాస్‌వర్డ్ మేనేజర్ అంటే అంతే.

ఈ పెట్టె పనిచేసే తీరు నాకు బ్యాంకు లాకరును గుర్తు చేస్తుంది. నేను బ్రాంచిలో పనిచేసినన్నాళ్లూ లాకరు తెరవాలంటే ముందు మా మాస్టర్ తాళంచెవి తిప్పాలి, తర్వాత ఖాతాదారు తన తాళంచెవి తిప్పాలి. వాళ్ల చెవికి నకలు మా దగ్గర ఉండదు. పోగొట్టుకుని వస్తే లాకరు పగలగొట్టించాల్సిందే. మంచి పాస్‌వర్డ్ మేనేజర్ కూడా ఇంతే. నువ్వు పెట్టుకున్న మాస్టర్ పాస్‌వర్డ్ ఆ కంపెనీకి తెలియదు. నీ ఫోన్లోనే దాన్నుంచి ఒక రహస్య సంఖ్య తయారవుతుంది, దానితో నీ జాబితా మొత్తం ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అర్థంకాని ఆ ముద్ద మాత్రమే కంపెనీ సర్వరుకు చేరుతుంది. ఒక్క తేడా ఉంది. ఇక్కడ పగలగొట్టించే అవకాశం లేదు. మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే కంపెనీవాళ్లకు ఎంత మొరపెట్టుకున్నా తెరవలేరు. తెరవగలం అని చెప్పే కంపెనీ ఏదైనా ఎదురైతే, వాళ్ల దగ్గర నకలు చెవి ఉందన్నమాట. దాని జోలికి వెళ్లకు.

చందా కడితే భద్రత పెరుగుతుందా అన్న ప్రశ్నకు లాస్ట్‌పాస్ కథ చెప్పాలి. అప్పట్లో పేరున్న కంపెనీ, లక్షలాది మంది డబ్బు కట్టి వాడేవాళ్లు. 2022 ఆగస్టులో తమ డెవలపర్ల వ్యవస్థలోకి ఎవరో చొరబడ్డారనీ, ఖాతాదారుల సమాచారానికి ఏమీ కాలేదనీ చెప్పింది. డిసెంబరు వచ్చేసరికి మాట మారింది. ఖాతాదారుల పెట్టెల బ్యాకప్ నకలును దొంగలు ఎత్తుకుపోయారని ఒప్పుకుంది. ఎలా పోయిందో మరుసటి ఏడాది తెలిసింది. బ్యాకప్ తాళాలు అందుబాటులో ఉన్న అతి కొద్దిమంది ఇంజినీర్లలో ఒకరి ఇంటి కంప్యూటరు మీద దొంగ కన్ను పడింది. సినిమాలు, పాటలు చూసుకునే సాఫ్ట్‌వేర్ అందులో ఒకటి ఉంది, దాని లోపం గుండా దూరి, ఆ మనిషి కొట్టే ప్రతి అక్షరాన్నీ పట్టుకునే ప్రోగ్రాము పెట్టాడు. అలా ఆయన మాస్టర్ పాస్‌వర్డే దొరికిపోయింది.

అందులో మనం గమనించాల్సినవి రెండు. ఏయే సైట్లలో ఖాతాలున్నాయో ఆ చిరునామాలను ఆ కంపెనీ ఎన్‌క్రిప్ట్ చేయకుండానే దాచింది. కాబట్టి ఎవరి పెట్టె మీద కష్టపడితే లాభమో దొంగకు పైనుంచే కనిపించింది. రెండోది, మాస్టర్ పాస్‌వర్డ్‌ను రహస్య సంఖ్యగా మార్చే లెక్కను ఎన్నిసార్లు తిప్పితే దొంగకు ఒక్కో ఊహకు అంత ఖర్చవుతుంది. ఇప్పుడు ఆ పద్ధతికి 6,00,000 సార్లు తిప్పమని నిపుణులు చెబుతున్నారు. లాస్ట్‌పాస్‌లో పాత ఖాతాలు కొన్ని 5,000 దగ్గరే, ఇంకొన్ని అంతకన్నా తక్కువ దగ్గరే ఉండిపోయాయి. ఏళ్లుగా నమ్మకంగా వాడినవాళ్లే ఎక్కువ ప్రమాదంలో పడ్డారు. డబ్బు కట్టినవాళ్ల పెట్టే పోయింది, కట్టనివాళ్ల పెట్టే పోయింది. చివరికి కాపాడింది పొడవైన మాస్టర్ పాస్‌వర్డ్ ఒక్కటే. దానికి రూపాయి ఖర్చు లేదు.

బ్యాంకు లాకరు విషయంలో బ్యాంకు నిర్లక్ష్యం వల్ల సొత్తు పోతే ఏడాది అద్దెకు 100 రెట్ల దాకా బ్యాంకు బాధ్యత అని రిజర్వు బ్యాంకు 2021లో ఉత్తర్వు ఇచ్చింది. చందా కడుతున్నాం కదా, ఇక్కడా అలాంటి పూచీ ఉంటుందిలే అని మాత్రం అనుకోకు.

ఇక ఏది ఎంచుకోవాలో చెప్తాను. నీ ఫోన్లో గూగుల్‌దీ, మీ అక్క ఫోన్లో యాపిల్‌దీ ఇప్పటికే ఉన్నాయి. యాపిల్ 2024 సెప్టెంబరు నుంచి పాస్‌వర్డ్స్ అని విడిగా యాప్ కూడా ఇచ్చింది. ఏమీ లేకుండా ఒకే పాస్‌వర్డ్ తిప్పడం కన్నా ఇవి ఎన్నో రెట్లు మేలు. ఇంకేమీ పెట్టుకునే ఓపిక లేని మనిషికి నేను వీటినే చెప్తాను. నీకు వద్దంటున్నాను, దానికి కారణం నీ అలవాట్లు. నీ ఫోన్ పిన్ మీ గదిలో ముగ్గురికి తెలుసు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో నీ సొంత గూగుల్ ఖాతాతో క్రోమ్ తెరుస్తావు. దానితో ఇంటి పాస్‌వర్డ్‌లన్నీ ఆఫీసు యంత్రంలోకి వచ్చి కూర్చుంటాయి. పైగా ఈమెయిలూ, ఫోటోలూ, తాళాలూ అన్నీ ఒకే ఖాతాలో పెట్టడం నాకు నచ్చదు. ఆ ఒక్క ఖాతా ఏ కారణంగానైనా మూతపడితే అన్నీ ఒకేసారి పోతాయి.

నీకు నేను చెప్పేది బిట్‌వార్డెన్. 2016లో మొదలైంది. దాని ప్రోగ్రాము మొత్తం బయట పెట్టారు, చదవగలిగినవాళ్లు ఎవరైనా చదవొచ్చు, చదువుతున్నారు కూడా. ఉచిత ఖాతాలోనే ఎన్ని పాస్‌వర్డ్‌లైనా, ఎన్ని ఫోన్లలో, కంప్యూటర్లలోనైనా పెట్టుకోవచ్చు. చందా కట్టినవాళ్లకు ఒక ఎన్‌క్రిప్షన్, కట్టనివాళ్లకు ఇంకొకటి అని లేదు. 2023లో వచ్చిన ప్రోటాన్ పాస్ కూడా ఉచితంగా ఇంచుమించు ఇంత ఇస్తుంది. సర్వరు అనే మాటే వద్దు, నా జాబితా నా దగ్గరే ఉండాలి అనుకునేవాళ్లకు కీపాస్ కుటుంబం ఉంది. జర్మనీలో డొమినిక్ రైష్ల్ అనే ఆయన 2003లో మొదలుపెట్టింది. అది ఒక ఫైలు, అంతే. ఆ ఫైలును ఫోనుకూ కంప్యూటరుకూ మధ్య తిప్పుకోవడం, నకళ్లు తీసుకోవడం అన్నీ నీ పనే. నువ్వు మెమొరీ కార్డులో ఫోటోలు ఎలా దాచుకుంటావో నాకు తెలుసు కాబట్టి అది నీకు వద్దు.

నీ స్నేహితురాలు వాడేది వన్‌పాస్‌వర్డ్ అయి ఉంటుంది. అందులో ఉచిత ఖాతా లేదు, కొన్ని రోజులు వాడి చూడమని ఇస్తారంతే. మంచి పనితనం ఉన్నది. డబ్బుకు నిజంగా భద్రత వచ్చే చోటు ఒకటి అందులో ఉంది, అదీ చెప్పాలి. ఖాతా తెరిచినప్పుడు ఆ యాప్ నీ ఫోన్లోనే 34 అక్షరాల సీక్రెట్ కీ ఒకటి తయారు చేస్తుంది. మాస్టర్ పాస్‌వర్డ్‌తో పాటు అది కూడా ఉంటేనే పెట్టె తెరుచుకుంటుంది. సర్వరు నుంచి పెట్టె దొంగిలించుకుపోయినా, నీ మాస్టర్ పాస్‌వర్డ్ బలహీనంగా ఉన్నా, ఆ కీ లేకుండా దొంగ ఏమీ చేయలేడు. పొడవైన పాస్‌వర్డ్ పెట్టుకోమంటే ససేమిరా వినని మనిషికి ఆ చందా దండగ కాదు. నువ్వు వింటావు కాబట్టి నీకు అక్కర్లేదు.

ప్రీమియం కడితే ఏమొస్తుందో కూడా చూడు. బిట్‌వార్డెన్ ప్రీమియం చాలా ఏళ్లు ఏడాదికి 10 డాలర్లే ఉండేది. అప్పట్లో వన్‌పాస్‌వర్డ్ దానికి మూడున్నర రెట్లు ఉండేది. ధరలు మారుతూ ఉంటాయి, కొనే రోజున చూసుకో. బిట్‌వార్డెన్ ప్రీమియంతో వచ్చేవి ఇవి: బలహీనంగా ఉన్న, బయటపడిన పాస్‌వర్డ్‌ల నివేదిక, స్కాన్ చేసిన కాగితాలు దాచుకునే చోటు, ముప్పై సెకన్లకోసారి మారే ఆరంకెల కోడ్‌లను అదే యాప్‌లో చూపించే సౌకర్యం, ఎమర్జెన్సీ యాక్సెస్. నివేదిక లేకపోయినా పరవాలేదు, ట్రాయ్ హంట్ సైటు ఉండనే ఉంది. కాగితాలకు డిజిలాకర్ ఉంది. ఆరంకెల కోడ్‌ల సౌకర్యం నన్నడిగితే నీ ముఖ్యమైన ఖాతాలకు వాడకూడదు. పాస్‌వర్డ్ ఒక తాళం, ఆ కోడ్ రెండో తాళం. రెండూ ఒకే గుత్తికి తగిలిస్తే రెండు ఎందుకు? జీమెయిల్‌కు, షేర్ల ఖాతాకు వచ్చే కోడ్‌లను ఇంకో ఉచిత యాప్‌లో విడిగా పెట్టుకో.

మిగిలింది ఎమర్జెన్సీ యాక్సెస్. దాని గురించి నిదానంగా చెప్తాను, ఎందుకంటే నీ ప్రశ్నకు అసలు జవాబు అక్కడుంది.

బ్రాంచిలో నా టేబుల్ ముందుకు వచ్చి కూర్చున్న ఆడవాళ్లు నాకు ఇప్పటికీ కళ్లముందు మెదులుతారు. భర్త పోయి పదిహేను రోజులు కూడా కాదు. చేతిలో ఆయన ఫోను ఉంటుంది. ఆయన వేలిముద్రతో తెరుచుకునేది, పిన్ ఏమిటో ఎవరికీ తెలియదు. అది మోగుతూనే ఉంటుంది, సందేశాలు వస్తూనే ఉంటాయి, ఏ కంపెనీ నుంచో ఏమిటో తెరిచి చూడలేరు. మా బ్యాంకులో ఉన్న డబ్బు సంగతి నేను చూడగలను. నామినేషన్ ఉంటే ఒక కాగితం, లేకపోతే నాలుగు కాగితాలు, ఎలాగో పని అవుతుంది. ఇంకా ఏయే బ్యాంకుల్లో ఏముంది, పాలసీ ప్రీమియం ఎప్పుడు కట్టాలి, ఇంటి పన్ను ఏ నంబరు మీద వస్తుంది, పిల్లవాడి ఫీజు ఏ పోర్టల్‌లో కట్టారు అన్నది ఆవిడకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అన్నీ ఆయనే చూసుకునేవారు అనేది ఆవిడ. ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో.

ఇప్పుడు మీ ఇంట్లో అన్నీ చూసుకునే మనిషివి నువ్వు అవుతున్నావు. కరెంటు బిల్లు, గ్యాసు, మీ అమ్మ ఆరోగ్య బీమా, మీ నాన్న పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్, అన్నీ నీ ఫోన్లోకి వచ్చేస్తున్నాయి. నీకు ఏదైనా జరిగితే, జరగకూడదనే రోజూ దణ్ణం పెట్టుకుంటాను, వాళ్లు ఎవరి ముందు కూర్చోవాలి? ఎమర్జెన్సీ యాక్సెస్ అంటే ఇది. నువ్వు ఒకరిని నియమిస్తావు. వాళ్లు అవసరమై అడిగితే నీకు కబురు వస్తుంది. నువ్వు పెట్టిన గడువు, వారమో నెలో, దాటేదాకా నువ్వు కాదనకపోతే పెట్టె వాళ్లకు తెరుచుకుంటుంది. నియమించే నువ్వు ప్రీమియం కట్టాలి, వాళ్లకు ఉచిత ఖాతా చాలు. లాకరుకు నామినీని రాసినట్టే.

దీనికి కూడా డబ్బు కట్టకుండా దారి ఉంది. మాస్టర్ పాస్‌వర్డ్ ఒక కాగితం మీద స్పష్టంగా రాసి, కవరులో పెట్టి అతికించి, అతుకు మీద సంతకం చేసి మీ నాన్న బీరువాలో దాచు. ప్రస్తుతానికి నువ్వు ఇదే చెయ్యి. పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదని ఆఫీసులో చెప్పి ఉంటారు. ఆఫీసు టేబుల్ మీద రాయకూడదు, అది నిజం. ఇంటి బీరువాలోకి ఏ దేశంలోనో ఉన్న దొంగ రాలేడు. కాగితం ఇంకో రకంగా కూడా పనికొస్తుంది, నువ్వే మర్చిపోతే తీసి చూసుకోవచ్చు.

మరి డబ్బు ఎప్పుడు కట్టాలి? రేపు పెళ్లయి నీ ఇల్లు వేరై, నువ్వు ఒక ఊళ్లో, అమ్మానాన్న ఒక ఊళ్లో, అక్క అమెరికాలో ఉండి అందరి బిల్లులూ ఖాతాలూ కలిసి నడపాల్సి వచ్చినప్పుడు. అప్పుడు ఒకరి కాగితం ఇంకొకరికి అందదు. బిట్‌వార్డెన్‌లో ఆరుగురికి, వన్‌పాస్‌వర్డ్‌లో ఐదుగురికి కలిపి ఫ్యామిలీ ప్లాన్ ఉంది. మనిషికి లెక్కేస్తే పెద్ద మొత్తం కాదు. అమ్మ తన మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే ఇంట్లో ఆ ప్లాన్ నడిపే మనిషి ఆమె ఖాతాను తిరిగి తెరిపించే ఏర్పాటు వన్‌పాస్‌వర్డ్‌లో ఉంది. అరవై దాటినవాళ్లున్న ఇంట్లో ఆ ఒక్కదానికే చందా కట్టొచ్చంటాను. అందాకా ఇద్దరి మధ్య పంచుకోవడానికి బిట్‌వార్డెన్ ఉచితంగానే వీలిస్తుంది. నువ్వూ నాన్నా ఒక జత అయితే ఇంటి ఖాతాలకు అది సరిపోతుంది.

కట్టే ముందు మీ ఆఫీసు ఐటీ వాళ్లను ఒక మాట అడుగు. కంపెనీ ఉద్యోగుల కోసం వన్‌పాస్‌వర్డ్ బిజినెస్ ప్లాన్ గానీ, బిట్‌వార్డెన్ ఎంటర్‌ప్రైజ్ ప్లాన్ గానీ కొని ఉంటే, దానితో పాటు ఉద్యోగి ఇంటికి ఫ్యామిలీ ఖాతా ఉచితంగా వస్తుంది. గచ్చిబౌలిలో అలాంటి కంపెనీలు చాలానే ఉంటాయి, ఉద్యోగులకు ఆ సంగతి తెలియక విడిగా కొనుక్కుంటారు. ఆ ఇంటి ఖాతాలో ఆఫీసు పాస్‌వర్డ్ ఒక్కటి కూడా పెట్టకు, ఆఫీసు ఖాతాలో ఇంటిది పెట్టకు. ఉద్యోగం మారిన రోజున ఏది ఎవరిదో తెలియకపోతే చిక్కు.

ఇంకో సంగతి. ఏ కంపెనీ దగ్గర పెట్టినా, తిరిగి బయటికి తెచ్చుకునే దారి మొదటిరోజే చూసుకోవాలి. సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది. నాలుగు పాస్‌వర్డ్‌లు పెట్టి, ఎక్స్‌పోర్ట్ నొక్కి, ఫైలు వచ్చిందని చూసి, వెంటనే దాన్ని చెరిపెయ్. అందులో అన్నీ ఎవరైనా చదివేలా ఉంటాయి. ఎందుకు చెప్తున్నానంటే ఉచితం అనేది ఎప్పటికీ ఉచితంగా ఉండాలని లేదు. లాస్ట్‌పాస్ 2021 మార్చిలో ఉచిత ఖాతాలను ఫోన్లకో కంప్యూటర్లకో ఒక్కదానికే పరిమితం చేసింది. మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు 2025 ఆగస్టు నుంచి ఆ యాప్‌లో కనిపించడం మానేశాయి. దారి తెలిసినవాళ్లు సర్దుకుని వేరేచోటికి పోయారు. చందా ఆగితే ఏమవుతుందో కూడా అడిగి తెలుసుకోవాలి. బిట్‌వార్డెన్‌లో ఉచిత ఖాతాగా మారుతుంది, జాబితా అలాగే ఉంటుంది. వన్‌పాస్‌వర్డ్‌లో చూడొచ్చు, బయటికి తెచ్చుకోవచ్చు, కొత్తవి చేర్చలేవు. రెండూ న్యాయంగానే ఉన్నాయి.

చందా ఆగడం మన దేశంలో తేలిగ్గా జరిగే పని కూడా. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కార్డు నుంచి దానంతటది డబ్బు పోవాలంటే ముందు నువ్వు అనుమతి నమోదు చేయాలి, ప్రతిసారీ 24 గంటల ముందు నీకు సమాచారం రావాలి. ఇది మనకు మంచిదే. కానీ విదేశీ కంపెనీల చందాలు దీనివల్ల తరచు మధ్యలో నిలిచిపోతాయి. కార్డులో అంతర్జాతీయ వాడకం కూడా మామూలుగా ఆపేసే ఉంటుంది, కట్టే రోజున తెరిచి, పరిమితి తక్కువ పెట్టి, పని కాగానే మళ్లీ ఆపెయ్. డాలరు ధర మీద బ్యాంకు వేసే మార్కప్, దాని మీద జీఎస్టీ కలుపుకుని లెక్క చూడు. గడువు తేదీ క్యాలెండర్లో రాసుకో.

ఇక మొదలుపెట్టే పద్ధతి. అన్నిటికన్నా ముందు మాస్టర్ పాస్‌వర్డ్. ఒకదానికొకటి సంబంధం లేని ఐదారు మాటలు తీసుకో. నీ మనసులోంచి తీయకు, మనసు ఎప్పుడూ తెలిసినచోటికే పోతుంది, దేవుడి పేరో సినిమా పాటో వస్తుంది. డిక్షనరీ కళ్లు మూసుకుని తెరిచి, వేలు పెట్టిన చోట ఉన్న మాట తీసుకో. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన పాచికలు వేసి 7,776 మాటల జాబితాలోంచి ఎంచుకునే పద్ధతి చెప్పాడు, దాని ఉద్దేశమూ ఇదే. తెలుగు మాటలైనా పనికొస్తాయి. గుమ్మడి, రైలు, బొంగరం, తాటాకు, పసుపు, ఇలాగన్నమాట, ఇదే మాత్రం పెట్టకు. అయితే తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేటప్పుడు తాటాకుకు మొదట టీ ఒక్కటేనా, పక్కన హెచ్ ఉందా, దీర్ఘానికి ఏ రెండుసార్లా అని రేపు తికమక పడతావు. కాబట్టి ఎలా కొడతావో అలాగే, ఇంగ్లీషు అక్షరాల్లోనే ఆ కవరులోని కాగితం మీద రాయి. వారం రోజులు రోజూ చేత్తో కొట్టు, వేలిముద్ర వాడకు. వేళ్లకు వచ్చేస్తుంది. తర్వాత ఏడాదికోసారి మార్చే పని లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా ఊరికే గడువు పెట్టి మార్పించవద్దని 2017లోనే చెప్పింది. బయటపడిందని తెలిస్తే అప్పుడు మార్చాలి.

తర్వాత ఈమెయిల్. అన్ని సైట్ల 'పాస్‌వర్డ్ మర్చిపోయారా' ఉత్తరాలూ వచ్చేది అక్కడికే కాబట్టి దాని పాస్‌వర్డ్ మొదట మార్చు. ఆ పైన బ్యాంకు, షేర్లు, పీఎఫ్. మిగతావి ఒక్కరోజులో కూర్చుని మార్చాలని చూడకు, విసుగొచ్చి మానేస్తావు. ఏ సైటుకు వెళ్లాల్సి వస్తే ఆ సైటుది ఆ పూట మార్చు. పాస్‌వర్డ్ బదులు పాస్‌కీ పెట్టుకోమని ఏ సైటైనా అడిగితే పెట్టుకో, ఈ యాప్‌లు వాటినీ దాస్తాయి. యూపీఐ పిన్, ఏటీఎం పిన్ మాత్రం అందులో రాయకు. అవి నాలుగారంకెలు, తలలో ఉండాల్సినవి.

బ్యాంకు సైటు దగ్గర ఒకటి గుర్తుపెట్టుకో. పాస్‌వర్డ్ మేనేజర్ చేసే పనుల్లో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువిచ్చేది దీనికే, ఇది ఉచిత ఖాతాలోనూ ఉంది. 'మీ కేవైసీ ఆగిపోయింది' అని వచ్చిన లింకు నొక్కితే అచ్చం బ్యాంకులాంటి పేజీయే వస్తుంది. మన కన్ను మోసపోతుంది. మేనేజర్ రంగులూ బొమ్మలూ చూడదు, చిరునామా చూస్తుంది. అది కలవకపోతే పాస్‌వర్డ్ తెచ్చి పెట్టదు. అది పెట్టలేదంటే నువ్వు ఆగాలి, కాపీ చేసి అతికించకూడదు. అయితే ఈమధ్య ఒక మార్పు జరిగింది. రిజర్వు బ్యాంకు మన బ్యాంకులన్నిటినీ 2025 అక్టోబరు 31 లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాలకు మారమంది. ఆ చిరునామాలు ఇచ్చేది హైదరాబాద్‌లోనే ఉన్న ఐడీఆర్‌బీటీ సంస్థ ఒక్కటే, బ్యాంకు కానివాళ్లకు అది దొరకదు. పాత చిరునామా మీద దాచిన పాస్‌వర్డ్ కొత్త చిరునామాలో రాకపోవచ్చు. అలాంటప్పుడు వచ్చిన లింకులోంచి కాదు, చిరునామా నీ చేత్తో కొట్టి వెళ్లి, చివర డాట్ బ్యాంక్ డాట్ ఇన్ ఉందని చూసి, అప్పుడు మేనేజర్‌లో చిరునామా మార్చుకో.

మీ నాన్న డైరీ సంగతి కూడా రాశావు, ఆయన అన్నీ డైరీలో రాస్తున్నారు, మాన్పించాలి అని. మాన్పించకు. ఆయన అలవాటు చెడ్డది కాదు. బీరువాలో ఉన్న డైరీ, అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ పెట్టడం కన్నా నయం. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆయన పక్కన కూర్చుని డైరీలో ఉన్నవి ఒక్కొక్కటీ మీ ఇద్దరి ఉమ్మడి పెట్టెలోకి ఎక్కించు. పాస్‌వర్డ్‌లతో పాటు కరెంటు సర్వీసు నంబరు, గ్యాసు కన్స్యూమర్ నంబరు, పాలసీ నంబర్లు, ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు కూడా ఎక్కించు. డైరీ ఆయన దగ్గరే ఉంచు. ఆయన గూగుల్ ఖాతాలో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంటుంది, ఖాతా కొన్ని నెలలు వాడకపోతే ఎవరికి అప్పగించాలో అందులో రాయొచ్చు. అక్కడ నీ పేరూ అక్క పేరూ పెట్టించు. నీ ఖాతాలో అమ్మ పేరు పెట్టు. ఎందుకని ఆమె అడిగితే బ్యాంకులో నామినేషన్ లాంటిదేనని చెప్పు, ఇంకేం అడగదు.

బిట్‌వార్డెన్ పెట్టాక ఏదైనా అర్థం కాకపోతే ఆదివారం పూట ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ